ఫ్రెంచి తెరచాప యుద్ధనౌక సేవాచరిత్ర రాబట్టడం ఎలా

పేరు పట్టుకుని వెతికితే దారి తప్పుతారు. ఒక ఓడ పోతే ఆ పేరు మరో ఓడకు పెట్టేవారు. ఫ్రెంచి విప్లవం వచ్చాక ఉన్న ఓడలకే పేర్లు మార్చారు. 1791లో టూలాన్‌లో నీట దిగిన 118 ఫిరంగుల 'దోఫాఁ రువాయాల్' 1792లో 'సాఁ-క్యులోత్', 1795లో 'ఓరియాఁ' అయింది. మూడూ ఒకే ఓడ. అందుకే ముందు ఎక్కడ కట్టారు, ఎప్పుడు నీట దింపారు, రూపకర్త ఎవరు, ఫిరంగులెన్ని అన్నవి ఒక కాగితంపై రాసుకోండి. ఏ పత్రం దొరికినా వీటితో సరిపోతేనే తీసుకోండి.

విప్లవానికి ముందు కాలానికి ఫ్రాన్స్ జాతీయ అభిలేఖాగారంలోని 'మరీన్' (నౌకాదళం) సంపుటాలు చూడాలి: దండయాత్రలకు బి4 అనే వరుస, సిబ్బంది జాబితాలకు సి6. ఆ తర్వాతి దండయాత్రల కాగితాలు వాన్సెన్‌లోని సైనిక చరిత్ర విభాగంలో బిబి4 కింద ఉంటాయి. ఎదురుపక్షం లెక్కకు లండన్‌లోని క్యూ అనే చోట ఉన్న బ్రిటిష్ జాతీయ అభిలేఖాగారంలో ఎడిఎం 51 వరుస, అంటే బ్రిటిష్ కెప్టెన్ల లాగ్‌బుక్కులు (ఓడలో ఏ రోజుకారోజు రాసే పుస్తకాలు).

అసలు చిక్కంతా తేదీలతోనే. సంఘటనలు రాసుకునే పట్టికలో తేదీకి రెండు గడులు పెట్టండి: పత్రంలో ఉన్న తేదీ ఉన్నట్టుగా ఒకదాంట్లో, మార్చిన తేదీ పక్కదాంట్లో. మొదటిది చెరిపేస్తే తర్వాత తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోలేరు. 1752 సెప్టెంబరు దాకా బ్రిటిష్ వాళ్లది పాత (జూలియన్) క్యాలెండర్, 18వ శతాబ్దంలో ఫ్రెంచి లెక్కకు 11 రోజులు వెనక. ఫ్రెంచి ఓడ 'ఆఁవాఁసీబ్ల్' 1747లో బ్రిటిష్ వాళ్లకు పట్టుబడింది. ఇంగ్లీషు కాగితాల్లో మే 3, ఫ్రెంచి లెక్కలో మే 14. 1793 నుంచి 1805 చివరిదాకా ఫ్రెంచి కాగితాల్లో విప్లవ క్యాలెండర్ నడుస్తుంది. పైగా 1805 దాకా బ్రిటిష్ లాగ్‌బుక్కులో రోజు మధ్యాహ్నం 12కే మారుతుంది. సాయంత్రం జరిగినది మర్నాటి తేదీ కింద పడుతుంది. 'ఓరియాఁ' ఈజిప్టు తీరంలోని అబూకిర్‌లో పేలిన రాత్రి మనకు 1798 ఆగస్టు 1, ఫ్రెంచి వాళ్లకు విప్లవ క్యాలెండర్ 6వ సంవత్సరం తెర్మిదోర్ నెల 14, ఇంగ్లీషు లాగ్ లెక్కన ఆగస్టు 2. మూడు తేదీలు చూసి మూడు సంఘటనలని రాసుకోకండి.

కొలతల్లోనూ ఇదే గొడవ. ఫ్రెంచి అడుగు 32.48 సెంటీమీటర్లు, ఇంగ్లీషుది 30.48. 74 ఫిరంగుల 'తెమెరేర్' తరగతి ఓడ పొడవు 172 ఫ్రెంచి అడుగులు, అంటే 55.87 మీటర్లు, ఇంగ్లీషు అడుగులనుకుంటే దాదాపు మూడున్నర మీటర్లు తగ్గిపోతుంది. ఫ్రెంచి పౌను దాదాపు 489.5 గ్రాములు కాబట్టి 36 పౌన్ల గుండు ఇంగ్లీషు తూకంలో 39 పౌన్లు.

చరిత్రలో ఖాళీ కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. శాంతికాలంలో ఫిరంగులు, సామాన్లు దించి, సిబ్బందిని పంపేసి ఓడను రేవులో కట్టేసేవారు. పత్రాల్లో 'ఆర్మే' అంటే సేవకు సిద్ధం చేశారని, 'దెజార్మే' అంటే సేవ నుంచి తప్పించారని. 'రఫోంత్' అని ఉంటే అది భారీ మరమ్మతు. ఆ తర్వాత ఫిరంగుల సంఖ్య మారి ఉండొచ్చు, మొదటి కాగితంతో మళ్లీ పోల్చండి.

ఓడ పట్టుబడితే ఫైలు మూసెయ్యకండి. 1798లో దొరికిన 'ఫ్రాంక్లిన్' బ్రిటిష్ సేవలో 'కనోపస్' అయింది. 1800లో రోష్‌ఫోర్‌లో నీట దిగి 1805 నవంబరులో పట్టుబడ్డ 'ద్యుగే-త్రువాఁ' 'ఇంప్లాకబుల్' పేరుతో బతికింది. దాన్ని సముద్రంలో ముంచింది 1949 డిసెంబరు 2న.