జర్మనీ చదువుకు లెక్క వేసుకునే ముందు

అక్టోబరులో మొదలయ్యే వింటర్ సెమిస్టరు కోసం బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఇప్పుడు ఖర్చుల లెక్కలు వేసుకుంటున్నాయి. ‘అక్కడ ఫీజు లేదు కదా’ అన్న మాటతో ఆ లెక్క మొదలుపెట్టకండి. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేని మాట నిజమే కానీ, బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మన పిల్లలు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. సీటు వచ్చిన ఊరు ఏ రాష్ట్రంలో ఉందో ముందుగా చూసుకోండి.

వీసా కోసం, అక్కడి ఖర్చులకు డబ్బుందని చూపేందుకు ముందుగా జమచేయాల్సిన బ్లాక్డ్ అకౌంట్‌లో వేసే 11,904 యూరోలనే ఏడాది బడ్జెట్ అనుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు. ఆ డబ్బు నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే చేతికి వస్తుంది. అదీ విద్యార్థి అక్కడ దిగి, బ్యాంకు ఖాతా తెరిచి, దానికి అనుసంధానం చేసుకున్న తర్వాతే. ఈలోగా గది అడ్వాన్సు కట్టాలి. చట్టం ప్రకారం అది హీటింగ్ వంటి ఖర్చులు కలపని నెల అద్దెకు మూడు రెట్ల వరకు ఉండవచ్చు. పరుపు, గిన్నెలు, చలికోటు కూడా మొదటి నెలలోనే కొనాలి. అందువల్ల కనీసం 2,500 యూరోలు విడిగా ఉంచుకోవాలని నా అభిప్రాయం. గది చూడకుండా, ఒప్పందం చేతికి రాకుండా ఎవరికీ అడ్వాన్సు పంపవద్దు.

ఇక్కడ ఉండగా అయ్యే ఖర్చులూ రాసుకోండి: మన చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్‌కు 18,000 రూపాయలు, వీసాకు 75 యూరోలు, విశ్వవిద్యాలయాల తరఫున దరఖాస్తులు పరిశీలించే యూని-అసిస్ట్ సంస్థ ద్వారా దరఖాస్తు చేస్తే మొదటిదానికి 75, ఆపై ఒక్కోదానికి 30 యూరోలు.

మారతహళ్లిలోని మా ఇంట్లో మా అక్క కూతురు వేసిన లెక్కలో ‘పార్ట్‌టైమ్ – 500 యూరోలు’ అని పెన్సిలుతో రాసి ఉంది. ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసే అనుమతి ఉన్న మాట నిజమే. అయినా జర్మన్ భాష రాని పిల్లకు మొదటి సెమిస్టరులోనే పని దొరుకుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు గనుక, ఆ వరుసను నేనే చెరిపించాను. చెరిపేశాక కూడా నెల గడిచేలా ఉంటేనే అది నిజమైన బడ్జెట్. ఆమె ముఖం చిన్నబోయింది, నాకూ బాధ కలిగింది. కానీ ఆ లెక్క వెనుక మదనపల్లె దగ్గరి రెండెకరాల పొలం తాకట్టు ఉంది.

యూరో ఒక్క రూపాయి పెరిగితే బ్లాక్డ్ అకౌంట్‌కే 11,904 రూపాయలు ఎక్కువ పడుతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే రేటు కాకుండా, బ్యాంకు అమ్మే రేటు అడిగి తెలుసుకుని, దానిపై మరో ఐదారు శాతం కలుపుకోండి. సొంత డబ్బు పంపేవారికి ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తంపై టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడుతుంది. ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అయినా, అప్పటిదాకా ఆ సొమ్ము మీ చేతిలో ఉండదు. బ్యాంకు విద్యారుణంతో పంపే మొత్తానికి 2025 ఏప్రిల్ 1 నుంచి టీసీఎస్ లేదు.

లోను విషయంలో మేనేజరుగారిని తప్పక అడగవలసినవి కొన్ని ఉన్నాయి. వీసా రాకముందే 11,904 యూరోలూ ఒకేసారి విడుదల చేస్తారా, మన వాటాగా ఎంత శాతం పెట్టుకోవాలి, చదువుకునే కాలంలో వడ్డీ నెలనెలా కట్టాలా లేక అసలుకు కలుస్తుందా అన్నవి రాతపూర్వకంగా తీసుకున్నాకే పొలం దస్తావేజులు బ్యాంకుకు అప్పగించండి.