లైబ్రరీ ఉద్యోగులు వృత్తిలో ఎదుగుతూ, చుట్టుపక్కలవారికి పనికొచ్చే సేవలు ఎలా చేయాలి?

లైబ్రరీలో పనిచేసేవాళ్లకు శిక్షణ అనగానే సర్టిఫికెట్లు, సేవ అనగానే ఎప్పుడో ఒకసారి జరిపే ప్రత్యేక కార్యక్రమాలు గుర్తొస్తాయి. ఈ రెండింటినీ వేర్వేరు పనులుగా చూడటం వల్లే రెండూ మొక్కుబడిగా మిగిలిపోతుంటాయి. నిజానికి ఏం నేర్చుకోవాలో, ఎవరికి ఏ సాయం చేయాలో రోజూ కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లే చెబుతుంటారు. పెద్ద లైబ్రరీ అయినా, ఒక్కరే నడిపే చిన్న రీడింగ్ రూమ్ అయినా అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

1. జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలు రాసిపెట్టండి

కౌంటర్ దగ్గర ఒక నోటుపుస్తకం ఉంచండి. పాఠకులు అడిగినవాటిలో మీరు తేల్చలేకపోయినవి, సగంలో వదిలేసినవి అందులో రాయండి. వాళ్ల మాటల్లోనే రాయాలి. "కంప్యూటర్ సాయం అడిగారు" అని రాసుకుంటే తర్వాత చూసినప్పుడు ఏమీ గుర్తురాదు. "ఫోన్లో తీసిన ఫొటోను ఆన్‌లైన్ ఫారానికి సరిపడేంత సైజుకు ఎలా తగ్గించాలి?" అని రాస్తే మీరేం నేర్చుకోవాలో అందులోనే ఉంటుంది.

అడిగినవారి పేరు, సభ్యత్వం నంబరు మాత్రం రాయొద్దు. ఎవరు ఏం చదువుతున్నారో, ఏం వెతుకుతున్నారో బయటపెట్టకపోవడం ఈ వృత్తికి ప్రాణం. ఒక నెల గడిచాక ఒకే రకం ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి చూడండి. ఎక్కువసార్లు వచ్చిందేదో అదే మీ మొదటి పాఠం.

2. అడిగినదాని వెనక అసలు అవసరం ఏమిటో వినడం సాధన చేయండి

దీన్ని రిఫరెన్స్ ఇంటర్వ్యూ అంటారు. అన్ని శిక్షణలకన్నా ముందు దీన్నే పెట్టాలని నా గట్టి నమ్మకం. ఒకావిడ వచ్చి "ఆరోగ్యం పుస్తకాలు ఎక్కడుంటాయండీ?" అని అడిగిందనుకుందాం. "అదిగో, ఆ మూల" అని చెయ్యి చూపిస్తే మన పని అయిపోయినట్టే ఉంటుంది. ఆవిడ ఆ అరల ముందు కాసేపు నిలబడి ఉత్త చేతులతో వెళ్లిపోతుంది. అదే "ఏ విషయం గురించి చూస్తున్నారండీ?" అని ఒక్క మాట అడిగి చూడండి. "మా అమ్మకి షుగర్ ఉందని ఈమధ్యే తెలిసింది. ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో తెలియక టెన్షన్‌గా ఉంది" అని సంగతి బయటికొస్తుంది.

ఇప్పుడు ఆవిడకు కావలసింది లావుపాటి వైద్యగ్రంథం కాదు, ఆహారం గురించి తేలిగ్గా రాసిన కొత్త పుస్తకం. పుస్తకాలను విషయాలవారీగా అంకెలిచ్చి అరల్లో సర్దే డ్యూయీ వర్గీకరణలో మధుమేహం 616లో, ఆహార నియమాలు 613లో, వంటలు 641లో ఉంటాయి. మూడు చోట్లా వెతకాలని ఆవిడకు ఎలా తెలుస్తుంది? పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది. అది ఇలాంటి చోటే అక్కరకొస్తుంది.

సాధనకు ఇద్దరు సహోద్యోగులు చాలు. ఒకరు పాఠకుడిలా అస్పష్టంగా అడగాలి, రెండోవారు అసలు అవసరం రాబట్టాలి. "ఎందుకు?" అని అడగొద్దు, నిలదీసినట్టు ఉంటుంది. "ఎలాంటి సమాచారం దొరికితే మీ పని అవుతుంది?" అంటే చాలు. చివర్లో "మీకు కావలసింది దొరికిందా?" అని అడగడం అలవాటు చేసుకోండి.

3. ఒకసారికి ఒక్క నైపుణ్యమే పట్టుకోండి

నోటుపుస్తకంలో పైకి తేలిన అంశాన్నే ఎంచుకోండి. కేటలాగులో పుస్తకాలు దొరకడం లేదన్నదే సమస్య అయితే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ మీద పట్టు సాధించాలి. కోహా దీనికి బాగుంటుంది. న్యూజిలాండ్‌లోని ఒక లైబ్రరీ కోసం తయారై 2000లో వాడకంలోకి వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. సొంత కంప్యూటర్లో వేసుకుని, అసలు రికార్డులు పాడవుతాయన్న భయం లేకుండా ప్రయోగాలు చేయొచ్చు.

ఆధారాలు వెతకడంలో చెయ్యి తిరగాలంటే వికీపీడియా మంచి బడి. ఒక్కో లైబ్రేరియన్ ఒక్కో ఆధారం చేర్చాలన్న పిలుపుతో 2016 నుంచి అక్కడ ఒక ప్రచారం నడుస్తోంది. ఆధారం లేని వాక్యం ఒకటి తీసుకుని, మీ అరల్లోని పుస్తకంలో సరిచూసి, పుస్తకం పేరు, పేజీ నంబరుతో చేర్చండి. మీరు నేర్చుకున్నట్టూ ఉంటుంది, చదివేవాళ్లకు మేలూ జరుగుతుంది.

చిరిగిన పుస్తకాలే మీ బాధ అయితే ముందు పారదర్శకమైన టేపును పక్కన పెట్టండి. కొన్నేళ్లకు అది పసుపు రంగుకు తిరుగుతుంది, దాని బంక కాగితంలోకి దిగిపోతుంది. పిండి జిగురు, పలచని మరమ్మతు కాగితం వాడితే అవసరమైనప్పుడు తడి చేసి తీసేయొచ్చు. అరుదైన పుస్తకాల జోలికి మాత్రం నిపుణులే వెళ్లాలి.

4. నేర్చుకున్నది తోటివారికి చెప్పండి

వారానికి అరగంట చాలు. అరలు సర్దేవాళ్లను, శుభ్రం చేసేవాళ్లను కూడా కూర్చోబెట్టండి. "ఆ పుస్తకం ఎక్కడ?" అని పాఠకులు ముందు అడిగేది చాలాసార్లు వాళ్లనే.

5. ఒక చిన్న సేవను, ఒకే వేళకు మొదలుపెట్టండి

ఫోన్లు, ఆన్‌లైన్ ఫారాల గురించి ఎక్కువమంది అడుగుతుంటే వారంలో ఒక రోజు ఒక గంట అందుకు కేటాయించండి. రోజు, వేళ మారకూడదు. ఇద్దరే వచ్చినా తలుపు తెరిచి ఉండాలి.

నేర్పేటప్పుడు ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి. మనం తీసుకుని చకచకా నొక్కేస్తే పని అవుతుంది కానీ వాళ్లకు ఏమీ రాదు, వచ్చే వారం మళ్లీ అదే ప్రశ్నతో వస్తారు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోండి. ఓటీపీ చదివి వినిపించబోతే, "అది నాకు కూడా చెప్పకండి" అని ఆపండి. మోసాల నుంచి కాపాడే పాఠం అప్పుడే బాగా నాటుకుంటుంది.

లైబ్రరీ దాకా రాలేనివాళ్లను మరిచిపోవద్దు. మంచాన పడ్డవారికి వాలంటీర్లతో పుస్తకాలు పంపొచ్చు. చూపు లేనివారి కోసం 2013లో మరాకేష్ ఒప్పందం కుదిరింది, 2016లో అమల్లోకి వచ్చింది. అచ్చు పుస్తకం చదవలేనివారికి ఆడియో, బ్రెయిలీ లాంటి రూపాల్లో ప్రతులు తయారుచేయడానికి, దేశాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికి అది దారి తెరిచింది. మీ దేశంలో ఈ నియమాలు ఎలా ఉన్నాయో తెలుసుకుని, అలాంటి ప్రతులున్న సంస్థలతో పాఠకులను కలిపినా పెద్ద మేలే.

మనుషులనే "పుస్తకాలు"గా కూర్చోబెట్టి, వాళ్ల జీవితానుభవం గురించి పాఠకులు అడిగి తెలుసుకునే హ్యూమన్ లైబ్రరీ 2000లో డెన్మార్క్‌లో మొదలైంది. గొప్ప ఆలోచన, కానీ మొదటి ప్రయత్నంగా వద్దు. తన కథ చెప్పడానికి కూర్చున్న మనిషికి నొప్పి కలగకుండా చూసుకోవడానికి చాలా తయారీ కావాలి.

6. హద్దులు ముందే గీసుకోండి

మందుల గురించి, కోర్టు కేసుల గురించి అడిగితే నమ్మదగిన సమాచారం చూపించాలి తప్ప ఏం చేయాలో సలహా ఇవ్వకూడదు. ఏ డాక్టర్ని, ఏ న్యాయ సహాయ కేంద్రాన్ని కలవాలో చెప్పే జాబితా దగ్గర ఉంచుకోండి. సిబ్బంది చేసే సేవ వీలైనంతవరకు పనివేళల్లోనే ఉండాలి. ప్రతిదీ సెలవు రోజున, సొంత సమయంలో చేయమంటే ఎంత ఇష్టమున్నవాళ్లైనా అలసిపోతారు.

7. ఫలితం రాసుకోండి, అవసరమైతే ఆపేయండి

ఎంతమంది వచ్చారన్న అంకెతో పాటు, వచ్చినవాళ్లకు ఏ పని అయిందో ఒక్క వాక్యం రాయండి. నిధులు అడిగేటప్పుడు పై అధికారుల ముందు పెట్టడానికి ఇదే మీ ఆధారం. మూడు నెలలకు ఒకసారి ఆ కాగితాలు చూసి, ఎవరికీ అక్కరలేని సేవను ఆపేయండి. ఆపే ముందు తలుపు మీద నోటీసు పెట్టండి, అప్పటివరకూ వస్తున్నవాళ్లకు ఆ సాయం ఇంకెక్కడ దొరుకుతుందో అందులో రాయండి.