కాజీపేటకు సైకిల్‌ను రైల్లో తెచ్చేటప్పుడు

సికింద్రాబాద్ నుంచి సైకిల్‌ను బ్రేక్ వ్యానులో, అంటే రైల్లో సామాన్లు వేసే పెట్టెలో, కాజీపేటకు తెచ్చుకుని రామప్ప దాకా తొక్కుదామంటే, దిగేసరికి హ్యాండిల్ వంకర, గేరు వంగి ఉంటాయి. పది నిమిషాల పని చేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

పెడళ్లు విప్పండి, 15 ఎంఎం పానా చాలు. కుడిది అపసవ్యంగా, ఎడమది సవ్యంగా తిరుగుతుంది. ఎడమది కూడా కుడిదానిలాగే తిప్పి మర పాడుచేసేవాళ్లే ఎక్కువ. గేరు సైకిలైతే గొలుసును వెనక పెద్ద పళ్లచక్రం మీద వేస్తే డిరైలర్ (గొలుసును ఒక చక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) లోపలికి జరిగి దెబ్బ తప్పించుకుంటుంది. హ్యాండిల్ బిగించి ఉండే ముక్క స్టెమ్, దాని పక్క బోల్టులు రెండూ వదులు చేసి హ్యాండిల్‌ను ఫ్రేముకు సమాంతరంగా తిప్పండి. పైనున్న మూత బోల్టు ముట్టుకోవద్దు. గేరు వైపు గోనెసంచి చుట్టి పాత ట్యూబు ముక్కలతో బిగించండి. తాడు జారుతుంది, ట్యూబు జారదు. టైర్లలో గాలి ఉంచండి, రిమ్ముకు అదే రక్ష.

అట్టముక్క మీద పేరు, ఫోన్, ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్ రాసి రెండు చోట్ల కట్టండి. టికెట్‌తో గంట ముందే పార్సిల్ ఆఫీసుకు వెళ్లండి. సైకిల్‌కు ఉచిత లగేజీ వర్తించదు, రుసుము కట్టాల్సిందే.

రెండు నిమిషాలే ఆగే బండి అయితే ఈ తంటా పడొద్దు. దించేలోపే కదిలి సైకిల్ తర్వాతి స్టేషన్‌కు పోతుంది. వందే భారత్‌లో, మెమూలో బ్రేక్ వ్యాను లగేజీ అసలు కుదరదు.