గిరిజన పిల్లలను బడిలో చేర్పించడం ఎలా? విశాఖలోని మన్యం కుటుంబాలకు దరఖాస్తు విధానం

మన్యం నుంచి కూలిపనులకు విశాఖ వచ్చిన తల్లిదండ్రులు "కులం సర్టిఫికెట్ వచ్చాక చేర్పిద్దాంలే" అని పిల్లల్ని ఇంట్లో ఉంచేయకండి. ముందు బడి, ఆ తర్వాతే కాగితాలు. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల పక్షానే ఉంది.

పిల్లల వయసు 6 నుంచి 14 ఏళ్ల మధ్య ఉంటే దగ్గర్లోని ప్రభుత్వ బడికి వెళ్లి హెడ్‌మాస్టర్‌ను కలవండి. జనన ధ్రువపత్రం లేదని చేర్చుకోకపోవడం కుదరదు. అంగన్‌వాడీ రికార్డో, ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త) రిజిస్టరో ఉంటే చూపించండి. అవీ లేకపోతే వయసు గురించి మీరే ఒక కాగితం మీద రాసివ్వండి. ఊళ్లో బడి నుంచి టీసీ రావడం ఆలస్యమైనా, జూన్ దాటిపోయినా సీటు ఇవ్వాల్సిందే. మధ్యలో చదువు మానేసిన పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టకూడదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఇది చాలామందికి తెలియదు, అందుకే సిగ్గుపడి పిల్లలు బడికి దూరమవుతున్నారు.

పని కోసం ఊళ్లు మారేవాళ్లకు ఆశ్రమ పాఠశాల (గిరిజన పిల్లలు అక్కడే ఉండి చదువుకునే ప్రభుత్వ బడి) మేలు. భోజనం, వసతి ఉచితం. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక పాడేరు, అరకు ప్రాంతాలు విశాఖ జిల్లాలో లేవు. కాబట్టి అక్కడి సీట్ల కోసం విశాఖ కలెక్టరేట్ చుట్టూ తిరగకుండా పాడేరు ఐటీడీఏలో (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) అడగండి.

గిరిజన పిల్లల కోసం ఉన్న ఏకలవ్య వసతి పాఠశాలల్లో ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చాక ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. దీనికి మాత్రం కులం సర్టిఫికెట్ కావాలి, అందుకే ఇప్పుడే గ్రామ/వార్డు సచివాలయంలో అప్లై చేసి పెట్టుకోండి. తండ్రిదో, అన్నదో పాత సర్టిఫికెట్ ఉంటే జత చేయండి, విచారణ సులువవుతుంది. ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలు కూడా ఉన్నాయి, అక్కడ ఆరు నుంచి ఇంటర్ దాకా చదువుకోవచ్చు.

ఏ బడిలోనైనా పిల్లల్ని చేర్చుకోవడం కుదరదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే ఎంఈఓకు (మండల విద్యాధికారి) అర్జీ పెట్టండి. అక్కడా పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి అర్జీ ఇచ్చి, రసీదు తప్పకుండా తీసుకోండి.