తవ్వే ముందు ఓసారి చెవి పెట్టండి: భూమిలో పైపు లీకులు

పర్లాకిమిడిలో మా మావయ్య ఇంటి ముందు గచ్చు మూడు చోట్ల పగలగొట్టాక గానీ లీకు దొరకలేదు. తడి కనబడిన చోటల్లా తవ్వారు. నీళ్లు పల్లం వెతుక్కుంటూ పోయి ఎక్కడో పైకి తేలతాయి, శబ్దం మాత్రం కన్నం దగ్గరే ఎక్కువ.

సమస్య: కుళాయిలన్నీ కట్టేసినా ట్యాంకులో నీళ్లు తగ్గిపోతున్నాయి.
ముందు ఫ్లష్ ట్యాంకు వాల్వ్ కట్టేసి చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే ఉంటుంది. అయినా తగ్గుతుంటే గునపం మొన గేట్ వాల్వ్ మీద పెట్టి, పై కొనకి చిన్న చెక్కముక్క ఆనించి, దానికి చెవి పెట్టండి. ఆగకుండా "స్స్‌స్" మని వస్తుంటే లీకే. ఆగి ఆగి వస్తే ఎవరో నీళ్లు వాడుతున్నట్టు. వాల్వ్ కట్టగానే ఆ చప్పుడు ఆగిపోయిందంటే లీకు వాల్వ్ దాటాకే ఉంది.

సమస్య: తడి ఉంది, చప్పుడు లేదు.
ప్రెషర్ చాలదు. పది మీటర్ల ఎత్తు ట్యాంకు ఇచ్చేది సుమారు ఒక బార్, అంతకంటే తగ్గితే శబ్దం బాగా నీరసిస్తుంది. వీధి లైనైతే నీళ్లు వదిలే టైములోనే వినాలి. పక్కింటి మోటార్ మోత అడ్డొస్తే "టికే మోటార్ బంద్ కరంతు" (ఒడియాలో, కాస్త మోటార్ ఆపండి) అని అడగండి, ఐదు నిమిషాలు చాలు. ఇంకో మాట, చప్పుడు చిన్నదని లీకు చిన్నదనుకోకండి. పెద్ద పగులులో ప్రెషర్ పడిపోయి, గుంట నీళ్లతో నిండి, శబ్దం అణిగిపోతుంది.

సమస్య: ఎక్కడ విన్నా ఒకేలా ఉంది.
ఇనప పైపు శబ్దాన్ని దూరం మోస్తుంది. పైపు దారి వెంట అడుగడుక్కీ విని, ఎక్కువ వినిపించిన చోట గుర్తు పెట్టండి. పీవీసీలో కొద్ది మీటర్లకే శబ్దం చచ్చిపోతుంది, అందుకే ఇంకా దగ్గర దగ్గరగా వినాలి. గడ్డి, బంకమట్టి మీద మందంగా వినిపిస్తుంది. గునపం నేలలోకి దింపాల్సి వస్తే అక్కడ కరెంటు కేబుల్ లేదని తేల్చుకున్నాకే దింపండి.

సమస్య: లైను పొడవు, మెషీన్ పెట్టినా తప్పు చోటు చూపిస్తోంది.
కోరిలేటర్ అనే ఈ లీకు వెతికే మెషీన్ రెండు వాల్వులకీ మైకులు తగిలించి, శబ్దం ఏ మైకుకి ఎంత ముందు చేరిందో చూస్తుంది. వాల్వుల మధ్య 100 మీటర్లు, తేడా 0.02 సెకన్లు అనుకోండి. పోత ఇనుములో వేగం సెకనుకి 1200 మీటర్లుగా వేస్తే, ముందు విన్న మైకు నుంచి లీకు 38 మీటర్లలో ఉన్నట్టు. అదే పీవీసీకి 450 వేస్తే 45.5 మీటర్లు. పైపు రకం తప్పు చెప్తే ఏడున్నర మీటర్లు పక్కన తవ్వుతారు, అందుకే ఒకచోట పైపు బయటపెట్టి కళ్లారా చూడండి.

దొరికాక తుప్పు పట్టిన ముక్క కోసి కొత్తది వేయించండి, పైన సిమెంటు మెత్తితే ప్రెషర్‌కి నిలవదు.