గైడ్ వద్దంటే వద్దే: అలాస్కా మారుమూల ఊళ్లకు బయల్దేరేముందు

2025 అక్టోబర్‌లో హాలాంగ్ తుఫాను శేషం పశ్చిమ అలాస్కాను ఊడ్చేసినప్పుడు కిప్నుక్, క్విగిలింగోక్ ఊళ్లలో ఇళ్లు పునాదుల మీంచి లేచి, లోపల మనుషులతో సహా కొట్టుకుపోయాయి. పదిహేను వందల మందికి పైగా నిరాశ్రయులయ్యారు. ఆ వీడియోలు చూసిన దగ్గర్నుంచి డాలస్, న్యూజెర్సీల్లో ఉన్న మనవాళ్లు "ఆ ఊళ్లు ఉండగానే ఒకసారి చూసొస్తాం, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి" అని అడుగుతున్నారు. థర్మల్స్, గ్లవ్స్ సంగతి షాపువాడే చెబుతాడు, నేను చెప్పను.

ముందుగా, దెబ్బతిన్న ఊళ్ల జోలికి వెళ్లకండి. అక్కడివాళ్లకే ఉండటానికి ఇళ్లు లేవు. బెతెల్, కాట్జెబ్యూ, ఉట్కియాగ్విక్ లాంటి చోట్లకు వెళ్లండి. వాతావరణం మారితే మనుషుల బతుకు ఏమవుతుందో అక్కడా కనిపిస్తుంది. ఉట్కియాగ్విక్‌లో తిమింగలం మాంసం దాచుకునే నేలమాళిగల్లోకి కరిగిన నీళ్లు వస్తున్నాయి.

ఈ ఊళ్లకు బయటి నుంచి రోడ్డు లేదు, విమానమే గతి. చిన్న విమానమైతే మీ బరువు అడుగుతారు, సిగ్గుపడకుండా నిజం చెప్పండి. చలిబట్టలు సూట్‌కేసులో కాదు, ఒంటి మీదే ఉండాలి, ఎందుకంటే విమానం దారిలో ఎక్కడైనా దిగాల్సి వస్తే మీ దగ్గర ఉండేది అదొక్కటే. మంచు తుఫానుకు రెండు మూడు రోజులు విమానాలు ఆగిపోవడం మామూలే కాబట్టి తిరుగు ప్రయాణానికి ముందు ఖాళీ రోజులు పెట్టుకోండి. నేను చూసిన అసలు తప్పు ఆ ఖాళీ లేకపోవడం వల్లే మొదలవుతుంది.

ఆ తప్పు ఏంటంటే, స్థానిక గైడ్ వెనకాడుతున్నా మనం బలవంతపెట్టడం. "రేపే ఫ్లైటు, డబ్బు కట్టాం, కాసేపు తిప్పి తీసుకొచ్చేయండి" అంటాం. అక్కడి మూలవాసులైన ఇనుపియాక్, యూపిక్ వాళ్లలో చాలామంది ముఖం మీద కాదనరు. కనుబొమలు ఎత్తితే అవునని, ముక్కు చిట్లిస్తే కాదని. మనకది తెలియదు, ఆయన మాట్లాడలేదు కదా ఒప్పుకున్నాడనుకుని బండెక్కి కూర్చుంటాం. పైగా ఆయనకు ఆ డబ్బు అవసరం. యూకాన్, కుస్కోక్విమ్ నదుల్లో సాల్మన్ తగ్గిపోయి చేపలవేట మీద ఆంక్షలున్నాయి, పెట్రోలు, సరుకుల ధరలు మండిపోతున్నాయి. అలాంటి మనిషిని మీ సెలవు కోసం నొక్కకండి.

ఆయన భయం ఊరికే కాదు. తాతల నాటి లెక్కలు ఇప్పుడు తప్పుతున్నాయి. మంచు ఆలస్యంగా గడ్డకడుతోంది, పైన తెల్లగా గట్టిగా కనిపించినా అడుగున ప్రవాహం తినేస్తుంది. చలికాలంలో బెతెల్ దగ్గర కుస్కోక్విమ్ నదే రోడ్డు, దాని మీద కార్లు తిరుగుతాయి. మంచు తెరుచుకున్న చోట్ల అక్కడి సెర్చ్ అండ్ రెస్క్యూ వాలంటీర్లు గుర్తులు పాతుతారు. 1997 మేలో ఉట్కియాగ్విక్ (అప్పట్లో బారో) తీరంలో మంచు పలక విరిగిపోతే తిమింగలాల వేటకు వెళ్లిన వందమందికి పైగా దాని మీద కొట్టుకుపోయారు. హెలికాప్టర్లతో తెచ్చారు. పుట్టిపెరిగినవాళ్ల పరిస్థితే అది, మనమెంత?

ఇక వరసగా చెప్పేస్తాను.

నిన్నటి స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) జాడ ఉందని ఇవాళ వెళ్లకండి.

జీపీఎస్ దారి చూపిస్తుంది, మంచు మందం చూపించదు.

మెడలో ఐస్ పిక్స్ (నీళ్లలో పడితే మంచులో గుచ్చి పైకి రావడానికి వాడే మేకులు) వేలాడాలి. బ్యాగులో ఉంటే లేనట్టే.

నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికే. చేతులూ కాళ్లూ పనిచేసేది పది నిమిషాలు. వచ్చిన వైపే తిరగండి, కాళ్లు తన్నుతూ పైకి రండి, లేచి నిలబడకుండా దొర్లుతూ వెనక్కి రండి.

శాటిలైట్ మెసెంజర్ (సెల్ సిగ్నల్ లేనిచోట కూడా మెసేజ్ పంపే పరికరం) లేకుండా ఊరు దాటొద్దు. ఫోన్ లోపలి జేబులోనే పెట్టండి.

మెడికల్ విమానం ఖర్చు భరించే ఇన్సూరెన్స్ తీసుకోండి. చిన్న ఊళ్లలో డాక్టర్ ఉండడు.

మద్యం సీసాలు పట్టుకెళ్లొద్దు. చాలా ఊళ్లలో తేవడమే నేరం.

కూలిన ఇళ్ల ముందు సెల్ఫీలు వద్దు. "ఊరు ఎప్పుడు ఖాళీ చేస్తారు" అని అడగొద్దు.

పచ్చళ్లు, పొడులు మీవి మీరే తీసుకెళ్లండి.

గైడ్ వద్దంటే వద్దు. మౌనంగా ఉన్నా వద్దనే అర్థం. "మీరైతే మీ పిల్లల్ని ఇవాళ తీసుకెళ్తారా" అని అడగండి, జవాబు ముఖంలో తెలుస్తుంది.

సగం దారి నుంచి వెనక్కి తిప్పినా, అసలు బయల్దేరకపోయినా ఆ రోజు డబ్బు పూర్తిగా ఇచ్చేయండి. బేరం ఆడొద్దు.