చీజ్ రుచి చూద్దాం – 3వ పాఠం: వయసు పట్టుకోవడం

పోయిన పాఠంలో కళ్ళు మూసుకుని వాసన పట్టమన్నాను. పచ్చిపాలు, మీగడ, పుల్లమజ్జిగ, కాగుతున్న వెన్న, తడిమట్టి... ఏది తోస్తే అది మన వంటింటి మాటల్లోనే రాసుకోమన్నాను. రాయనివాళ్ళు ముందు ఆ పని కానిచ్చి రండి. ఇవాళ్టి పాఠం దానిమీదే నిలబడుతుంది.

చీజ్‌ని తెలుగులో జున్ను అని రాసేస్తుంటారు. నాకు మింగుడుపడదు. ఈనిన గేదె తొలిపాలకి ఆవిరి తగిలితే చాలు, తనంతట తానే జున్నుగా గడ్డకడుతుంది. మిరియాలు, బెల్లం వేసుకుని వెంటనే తినెయ్యడమే. చీజ్‌కి మామూలు పాలని రెన్నెట్ అనే ఎంజైముతో గడ్డకట్టించి, నీరు తీసేసి, ఉప్పు పట్టించి, చాలా రకాలని నెలల తరబడి మాగబెడతారు. వరసకి అది ఆవకాయ జాడీకే దగ్గరి చుట్టం.

ఈ పూట మూడు ముక్కలు కావాలి. ఒక ప్రాసెస్డ్ చీజ్ క్యూబ్, ఒక చెడ్డార్, ఒక పార్మిజానో రెజ్జానో (ఇటలీవాళ్ళ గట్టి చీజ్) లేదా బాగా మాగిన గౌడా (నెదర్లాండ్స్ చీజ్). ఒక్కోటి బొటనవేలంత ఉంటే చాలు. మూడోది ఖరీదే, ముగ్గురు నలుగురు కలిసి కొనుక్కోండి. ప్యాకెట్ లోపల నూనెచెమ్మ కనిపిస్తే ఎంత తగ్గింపు ఇచ్చినా వదిలెయ్యండి. ఇంకో సంగతి: అసలైన పార్మిజానో దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే చేస్తారు. శాకాహారులు ఆకుపచ్చ చుక్క ఉన్న గౌడా చూసుకోండి.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తింటే చీజ్ నోరు విప్పదు. కొవ్వు బిగుసుకుపోయి వాసనలు పైకి రావు. గంటసేపు బయట పెట్టమని పుస్తకాల్లో రాస్తారు. అది చలిదేశాల లెక్క. నేనూ నమ్మి, మే నెల మధ్యాహ్నం ఎంవీపీ కాలనీలో మా వంటింటి గట్టు మీద గంట పెట్టాను. చెడ్డార్ నూనె కారి, అప్పుడే మూకుట్లోంచి తీసిన పూరీలా మెరిసింది. మన విశాఖ ఉక్కకి 15 నిమిషాలు చాలు, వేసవిలో అయితే 10. పైన పళ్ళెం బోర్లించండి, లేకపోతే చీమలకే ముందు పాఠం.

మొదట క్యూబ్. నాలుక మీద పెట్టుకుని నమలకుండా అంగిలికి అదమండి. ఉప్పు, పాలు, నునుపు. మింగేదాకా అదే రుచి, మారదు. 1911లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అనే ఇద్దరు, చీజ్‌ని కొన్ని లవణాలతో కలిపి కరిగించి మళ్ళీ గట్టిపరిచే పద్ధతి కనిపెట్టారు. ఆ వేడికి మాగించే సూక్ష్మజీవులు చస్తాయి, వయసు అక్కడితో ఆగిపోతుంది. చిన్నచూపేం లేదు, మా ఇంట్లో దోసెల మీద తురిమేది ఇదే.

మధ్యలో నోరు కడుక్కోవడానికి ఉత్త మూరీలు (మరమరాలు) నాలుగు. బీచ్‌లో అమ్మే మూరీ మిక్చర్ మాత్రం వద్దు, ఉల్లిపాయ తగిలాక నాలుక ఆ పూటకి పనికిరాదు.

తర్వాత చెడ్డార్. ఇంగ్లండ్‌లో సోమర్‌సెట్ ప్రాంతపు ఊరి పేరు అది. చాకు పక్కన పెట్టి వేళ్ళతో విరవండి. లేతదైతే రబ్బరులా వంగుతుంది, ముదిరినదైతే పొడిపొడిగా విరుగుతుంది. ముందు పులుపు, వెనకాల వేయించిన వేరుశనగ లాంటిదేదో తగులుతుంది. నారింజ రంగు చూసి ముదురని మోసపోవద్దు. ఆ రంగు మన మన్యంలోనూ పండే జాఫ్రా గింజలది.

ఇక మూడోది. దీనికి తొందర పనికిరాదు. పార్మిజానో చక్రం ఒక్కోటి దాదాపు 40 కిలోలు ఉంటుంది, కనీసం 12 నెలలు మాగాలి. 24, 36 నెలలవీ ఉంటాయి. చిన్న పెచ్చు ముందుపళ్ళ మధ్య పెట్టి నెమ్మదిగా కొరకండి. ఇసుక తగిలినట్టు కరకరమంటుంది. ఉప్పురాయి అనుకుంటారు, కాదు. మాగేకొద్దీ పాలలోని ప్రొటీను ముక్కలై టైరోసిన్ అనే అమైనో ఆమ్లం విడిపోతుంది, అది పేరుకుంటేనే ఆ తెల్లటి పలుకులు. గ్లుటామేట్ కూడా అలాగే పోగవుతుంది. ఎండురొయ్యలు వేసిన కూర తిన్నాక నాలుక వెనక నిలిచిపోయే రుచి దానిదే. జపానువాళ్ళు దాన్ని ఉమామి అన్నారు. కమ్మదనం అంటే పూర్తిగా అదే కాదు గానీ, నా నోట్‌బుక్‌లో నేను రాసుకునేది ఆ మాటే.

ఇంటిపని: ఒక్కోటి మింగాక రుచి ఎన్ని అంకెలు లెక్కపెట్టేదాకా నిలిచిందో రాయండి. క్యూబ్ నాకు పది దాటలేదు, పార్మిజానో అరవై దాటింది. మిగిలిన పెచ్చుని అనకాపల్లి బెల్లం పలుకుతో తిని, ఏ రుచి దేన్ని మింగేసిందో కూడా రాయండి.

వచ్చే పాఠం నీలిబూజు చీజ్‌లది. పక్కింట్లో ఎండునెత్తళ్ళు వేగుతుంటే కిటికీ మూసుకునేవాళ్ళు ఆ రోజుకి తెరిచి ఉంచుకోండి.